బీపీకి రోజూ కప్పు స్ట్రాబెర్రీలు, ఏడాదిలో సగం

బీపీకి మంచివని కొన్న స్ట్రాబెర్రీలు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకే బూజు పడతాయి. లంబసింగి, మహాబలేశ్వరం పళ్ళు చవగ్గా దొరికే చలికాలంలోనే ఎక్కువగా తెచ్చుకోండి. కడిగాకే తొడిమలు తీయండి, లేకపోతే లోపలికి నీళ్ళు పడతాయి. గుడ్డమీద పూర్తిగా ఆరాలి. తడి ఉంటే అన్నీ ఒకే గడ్డవుతాయి. పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి 4 గంటలు ఫ్రీజర్లో ఉంచి, జిప్ కవర్లో గాలి తీసేసి దాస్తే 6 నెలలు ఉంటాయి. రక్తనాళాలు సడలడానికి తోడ్పడే ఆంథోసయనిన్లు, అంటే ఆ ఎర్ర రంగే, గడ్డకట్టినా పెద్దగా పోవు.

రోజుకు 150 గ్రాములు, చక్కెర వెయ్యని పెరుగులో. ఉప్పూకారం చల్లొద్దు. బీపీ తగ్గితే కొద్ది పాయింట్లే, అదీ వారాల తరబడి తింటేనే. బీపీ మాత్ర మాత్రం ఆపకండి.