నెమరు – దివ్యగ్రంథంతో ప్రార్థన: మూడవ పాఠం

మొదటి పాఠంలో రోజుకు పావుగంట సమయాన్నీ, ఇంట్లో ఒక మూలనూ ఎంచుకొన్నాం. రెండవ పాఠంలో పూజా పంచాంగం చూసి ఆనాటి పఠనాలు ఏవో తెలుసుకోవడం, గ్రంథం పేరు, అధ్యాయం, వచనం అనే మూడు గుర్తులతో సరైన పుటకు చేరుకోవడం నేర్చుకొన్నాం. పుట తెరిచిన తరువాత ఏం చేయాలన్నది ఈ పాఠం.

అంతకంటే ముందు ఒక సందేహం తీర్చాలి. మంచిర్యాల నుండి ఒక పాఠకురాలు, తమ గుడిలో ఆదివారం చదివిన సువిశేషానికీ (సువార్త భాగానికీ) కాజీపేటలోని ఫాతిమామాత కథెడ్రల్‌లో చదివినదానికీ పొంతన లేదనీ, తానే పంచాంగాన్ని తప్పుగా చూశానేమోననీ రాశారు. ఆమె తప్పేమీ లేదు. కాజీపేట ఉన్న, 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం) లాటిను సంప్రదాయానికి చెందినది. మంచిర్యాల ఉన్న, 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనం కేరళ నుండి వచ్చిన సీరో మలబారు సంప్రదాయానికి చెందినది. రెండూ ఒకే కతోలిక సంఘమే అయినా పూజా సంవత్సరపు విభజన, పఠనాల వరుస వేరు. ఎవరి విచారణలో (ఒక గుడి కిందికి వచ్చే సంఘంలో) ఏ వరుస నడుస్తుందో దానినే అనుసరించండి. ఈ పాఠంలో అందరికీ ఒకే భాగం ఇస్తున్నాను కనుక ఈ వారానికి ఆ చిక్కు లేదు.

ఇక అసలు సంగతి. చెరువుల కింద సేద్యం చేసే ఊళ్లలో పెరిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు: పొద్దున కట్ట మీద గబగబా మేసి వచ్చిన బర్రె, ఎండ ముదిరే వేళకు వేపచెట్టు నీడలో కాళ్లు ముడిచి పడుకొని, కళ్లు సగం మూసి, దవడలు మెల్లగా ఆడిస్తూ ఉంటుంది. మేసేటప్పుడు దానికి రుచి చూసే తీరిక లేదు. మేత ఒంటికి పట్టేలా చేసే పని చాలావరకు ఈ నీడలోనే జరుగుతుంది. పాతకాలపు లాటిను సన్యాసులు దివ్యగ్రంథ ధ్యానానికి సరిగ్గా ఈ పేరే పెట్టారు: రూమినాత్సియో, అంటే నెమరువేత. పాత జ్ఞాపకాన్ని నెమరువేసుకోవడం అని మనం రోజూ అనే మాటే వారికి ప్రార్థనలో ఒక పద్ధతి అయింది.

12వ శతాబ్దంలో ఫ్రాన్సులోని కార్తూసియన్ మఠాధిపతి రెండవ గీగో ఈ పద్ధతిని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించారు: పఠనం, ధ్యానం, ప్రార్థన, మౌన దర్శనం. దీనికే లెక్సియో దివీనా, అంటే దివ్య పఠనం, అని పేరు. పఠనం ముద్దను నోట పెడుతుంది, ధ్యానం దానిని నములుతుంది, ప్రార్థన రుచిని రాబడుతుంది, నాలుగవ మెట్టు ఆ తీపియే అని ఆయన పోలిక. మఠాలలో పుట్టింది కనుక ఇది గురువులకూ కన్యస్త్రీలకూ మాత్రమేనని మన విచారణలలో చాలామంది అనుకొంటారు. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన దైవావిష్కరణ ప్రకటన అలా అనుకోనివ్వదు. విశ్వాసులందరూ తరచుగా దివ్యగ్రంథం చదవాలనీ, ఆ చదువుకు ప్రార్థన తోడు ఉండాలనీ చెబుతూ, లేఖనాలు తెలియకపోవడం క్రీస్తును తెలియకపోవడమే అన్న పునీత జెరోము మాటను అది గుర్తు చేసింది. ఈ పాఠంలో మొదటి మూడు మెట్లు ఎక్కుదాం. నాలుగవది మరుసటి పాఠానికి.

నేను ఈ పని మొదలుపెట్టిన ఏడాది చేసిన పొరపాటు చెబితే మీకు కొంత కాలం కలిసి వస్తుంది. మన దివ్యగ్రంథంలోని 73 గ్రంథాలనూ సంవత్సరంలో పూర్తి చేయాలని జనవరి ఒకటిన పట్టుపట్టాను. రోజుకు మూడు నాలుగు అధ్యాయాల లెక్క. ఆదికాండము కథలాగా సాగింది, నిర్గమకాండము సగం వరకు సాగింది, గుడారపు కొలతల దగ్గర నడక మందగించింది, ఫిబ్రవరిలో లేవీయకాండపు బలుల మధ్య బండి ఆగిపోయింది. ఆగినందుకు బాధ లేదు. ఆ నలభై రోజులలో చదివిన ఒక్క వాక్యమైనా పగటిపూట గుర్తుకు రాలేదన్నది తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. మొత్తం గ్రంథం చదవడం మంచి పనే, దానికి వేరే వేళ పెట్టుకోండి. ఈ పావుగంటలో ఏడెనిమిది వచనాలు దాటకూడదు.

ఈ వారపు భాగం మార్కు సువిశేషం 10వ అధ్యాయం, 46 నుండి 52 వచనాలు. లాటిను సంప్రదాయంలో మూడేళ్ల ఆదివార పఠనాల వరుసలోని రెండవ సంవత్సరపు సామాన్యకాలం 30వ ఆదివారాన చదివే సువిశేషం ఇదే. యేసు శిష్యులతో, పెద్ద జనసమూహంతో యెరికో పట్టణం విడిచి వెళుతున్నారు. తిమయి కుమారుడైన బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడు త్రోవ పక్కన కూర్చుని ఉన్నాడు. వెళుతున్నది నజరేతు యేసు అని విని, దావీదు కుమారా, నన్ను కరుణించు అని కేకలు పెట్టాడు. ఊరుకోమని చాలామంది గదమాయించారు, వాడు ఇంకా బిగ్గరగా అరిచాడు. యేసు ఆగి, వానిని పిలవండి అన్నారు. వాడు పైవస్త్రం పారవేసి, దిగ్గున లేచి వచ్చాడు. నేను నీకు ఏమి చేయాలని కోరుతున్నావు అని ప్రభువు అడిగారు. బోధకుడా, నాకు చూపు కావాలి అన్నాడు. వెళ్లు, నీ విశ్వాసం నిన్ను స్వస్థపరిచింది అన్నారు. వెంటనే చూపు వచ్చి, వాడు త్రోవలో ఆయనను వెంబడించాడు.

ఇది నా మాటలలో చెప్పిన సారాంశం మాత్రమే. మీరు చదవవలసింది మీ దివ్యగ్రంథంలోని పాఠాన్ని. సిలువ గుర్తు వేసుకొని, పవిత్రాత్మను ఒక్క వాక్యంలో పిలిచి, పెదవులు కదిలేలా, మీ చెవికి వినబడేంత గొంతుతో చదవండి. కంటితో చదివితే తెలిసిన కథ కనుక మనసు ముగింపుకు దూకుతుంది, నోటితో చదివితే అలా దూకలేదు. సెల్‌ఫోనులో చదవడం తప్పు కాదు గానీ, చదువుతుండగా పైన మెసేజి మెరిస్తే బర్తిమయి వెనుకబడిపోతాడు. ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి చదవండి.

మొదటిసారి చదివేటప్పుడు అక్కడ ఏం జరిగిందన్నది మాత్రమే చూడండి, మీ సంగతి తరువాత. ఎవరు కూర్చున్నారు, ఎవరు నడుస్తున్నారు, ఎవరు అరిచారు, ఎవరు ఆగారు? చిన్న వస్తువులను వదలకండి. నా మటుకు ఈ భాగంలో వస్తువంటే ఆ పైవస్త్రమే. ఇదే సంఘటనను మత్తయి 20వ అధ్యాయంలోనూ, లూకా 18వ అధ్యాయంలోనూ చదవగలం. మత్తయి ఇద్దరు గుడ్డివారని రాశారు, లూకా ఒకడే అన్నారు గానీ పేరు చెప్పలేదు. పేరునూ, పారవేసిన పైవస్త్రాన్నీ చెప్పింది మార్కు ఒక్కరే. ఆనాటి పేదవాడికి పైవస్త్రం అంటే ఏమిటో నిర్గమకాండము 22వ అధ్యాయం చెబుతుంది: పొరుగువాని వస్త్రాన్ని తాకట్టుగా తీసుకొంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చివేయాలి, ఎందుకంటే వాడు కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. మన గొల్లకురుమల గొంగడిని తలచుకొంటే ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. వాన పడితే అదే గొడుగు, చలి వేస్తే అదే దుప్పటి, అలసిపోతే అదే పరుపు. దానిని పొలం గట్టున మరచి ఇంటికి వచ్చిన కాపరిని నేను చూడలేదు. బర్తిమయి వస్త్రం కూడా అటువంటిదే అయి ఉంటుంది, బహుశా బిచ్చపు నాణేలు పడేదీ దాని మీదనే కావచ్చు. చూపున్నవాడు పారవేస్తే వెనక్కి వచ్చి వెదుక్కోగలడు. చూపు లేనివాడు అంత గుంపులో పారవేస్తే అది మళ్లీ దొరుకుతుందన్న ఆశ లేదు. పైగా వాడు పారవేసింది చూపు వచ్చిన తరువాత కాదు, రాకముందే.

ఇలా ఒక వస్తువు దగ్గర ఆగిపోవడమే నెమరు. నేను పైవస్త్రం దగ్గర ఆగాను కనుక మీరూ అక్కడే ఆగాలని లేదు. రెండవసారి చదువుతూ ఏ మాట మిమ్మల్ని పట్టుకొంటుందో కనిపెట్టండి. గొప్ప మాటే కానక్కరలేదు. కొన్నేళ్ల కిందట ఒక ప్రార్థన కూటంలో ఈ భాగాన్నే చదివాం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకాయన, మొదటిసారి వచ్చినవాడు, చాలాసేపు మౌనంగా ఉండి, ‘యేసు ఆగిండు’ అన్న మాట దగ్గరే ఉండిపోయానని చెప్పాడు. ‘మా దగ్గర ఎవ్వరు ఆగరు సార్. పక్కకు జరుగు, జరుగు అంటనే పోతరు’ అన్నాడు. ఆ రోజు నేను ఆ భాగం మీద పెద్ద వివరణ సిద్ధం చేసుకొని వెళ్లాను. కాగితం జేబులోనే ఉంచుకొన్నాను.

మాట దొరికిన తరువాత ముందుకు చదవవద్దు. దానిని మూడు నాలుగు సార్లు నెమ్మదిగా పలికి, ఊరుకోండి. ఇక్కడ కొత్తవారు తరచుగా రెండు పక్కదారులు పడతారు. ఒకటి, దొరికిన మాటను ఇతరులకు అంటగట్టడం. ఊరుకోమని గదమాయించినవారి వచనం చదవగానే తోటికోడలో, పై అధికారో గుర్తుకు వస్తే, ఆ వచనాన్ని వారికి పంపాలనిపిస్తుంది. పంపకండి, నేను ఎవరి కేకను ఆపాను అని అడగండి. రెండవది, వాక్యాన్ని జోస్యంలా వాడడం. కళ్లు మూసుకొని పుట తెరిచి, వేలు పడిన వచనాన్ని ఆనాటి వాగ్దానంగా తీసుకొనే అలవాటు మన ఇళ్లలో ఉంది. దానిని నేను ప్రోత్సహించలేను. వచనానికి ముందూ వెనుకా ఉన్నవి చదవనివాడు వచనాన్ని చదవనట్టే.

ముందు చదవడం వల్ల ఏం దొరుకుతుందో చూడండి. ఇదే అధ్యాయం 35వ వచనం నుండి చదివితే జెబదాయి కుమారులైన యాకోబు, యోహానులు ప్రభువు దగ్గరికి వచ్చి, మేము అడిగింది మాకు చేయాలి అంటారు. ప్రభువు వారినీ, నేను మీకు ఏమి చేయాలని కోరుతున్నారు అనే అడిగారు. ప్రశ్న ఒక్కటే. మహిమలో కుడి పక్కన ఒకరికి, ఎడమ పక్కన ఒకరికి ఆసనం కావాలన్నారు వెంట తిరిగిన శిష్యులు. చూపు కావాలన్నాడు త్రోవ పక్కన కూర్చున్న బిచ్చగాడు. మార్కు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం ఊరికే జరగలేదని నా అభిప్రాయం. తరువాతి అధ్యాయం తెరిస్తే యెరూషలేము ప్రవేశం. అంటే బర్తిమయి వెంబడించిన త్రోవ సిలువ వైపు పోయే త్రోవ. కథ మొదట్లో త్రోవ పక్కన ఉన్నవాడు చివరికి త్రోవలో ఉన్నాడు.

మూడవసారి చదివేటప్పుడు ప్రభువు ప్రశ్న దగ్గర ఆగి, దానికి మీరే జవాబు చెప్పండి. ఇది ప్రార్థన మెట్టు. ఇక్కడ గ్రాంథికం అక్కరలేదు. గుడిలో మనం కలిసి చెప్పే జపాలకు స్థిరమైన మాటలు ఉంటాయి, ఉండాలి కూడా. ఈ మూలన మాత్రం అమ్మతో మాట్లాడే భాష చాలు. ‘నాకు కండ్లు కనబడాలె ప్రభువా, నా బిడ్డ ఎందుకు మాట్లాడుతలేదో నాకు సమజైతలేదు’ అన్నది పూర్తి ప్రార్థన. అడగడానికి ఏమీ తోచకపోతే బర్తిమయి కేకనే అరువు తెచ్చుకోండి. తూర్పు సంఘాలలో శతాబ్దాలుగా శ్వాసతో పాటు పలుకుతూ వస్తున్న యేసు ప్రార్థనలో, నన్ను కరుణించు అన్న ఈ మొర ఉంది. బస్సులో హన్మకొండ చౌరస్తా నుండి కాజీపేట చేరేలోగా దానిని ఎన్నోసార్లు నెమరువేయవచ్చు. జపమాల చేతిలో లేకపోయినా పరవాలేదు.

ఏమీ అనిపించని రోజులు వస్తాయి. అనిపించడం కోసం కళ్లు గట్టిగా మూసుకోవడం, నిట్టూర్చడం అవసరం లేదు. చదివి, పరలోక జపం చెప్పి, లేవండి.

ఈ వారం అభ్యాసం ఇలా ఉండాలి. సోమ, మంగళ, బుధవారాలు మూడూ ఇదే భాగం. మూడు రోజులూ ఒకే మాట పట్టుకొంటే అలాగే ఉండనివ్వండి, మారితే మారనివ్వండి. గురువారం మత్తయినీ లూకానూ పక్కన పెట్టుకొని చదివి తేడాలు గమనించండి, ఆ రోజు ధ్యానం కొంచెం తగ్గినా సరే. శుక్రవారం జెబదాయి కుమారుల భాగం. శనివారం, పారవేయలేకపోతున్న మీ గొంగడి ఏదో ఒక్క పేరుగా రాసుకోండి. నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వాక్యం మించి రాయవద్దు, ఎవరికీ చూపించనక్కరలేదు. ఆదివారం ఈ భాగాన్ని పక్కన పెట్టి, ఆనాటి సువిశేషాన్ని దివ్యబలిపూజకు వెళ్లేముందు ఇంట్లోనే ఒకసారి పైకి చదవండి. గుడిలో గురువు చదువుతున్నప్పుడు అది రెండవ పఠనం అవుతుంది, మీ మాట మీకు ముందే ఎదురుచూస్తూ ఉంటుంది.

నాలుగవ పాఠంలో మౌనం. దానికి 131వ కీర్తన చదివి ఉంచుకోండి. మూడే వచనాలు ఉన్నాయి. తల్లి ఒడిలోని పాలు మరచిన బిడ్డ అన్న మాట దగ్గర నుండి మొదలుపెడదాం.