సైట్ తెరుచుకోవట్లేదా? అడ్డుకున్నారో, దానంతటదే ఆగిందో తేల్చుకోవడం ఎలా?

నిన్నటిదాకా బాగానే వచ్చిన సైట్ ఇవాళ తెరుచుకోదు. రెండుసార్లు రిఫ్రెష్ కొట్టి ఊరుకుంటాం. ఎవరైనా కావాలని అడ్డుకుని ఉంటే, వాళ్లకు కావాల్సిందీ అదే. అలాగని వెంటనే "సెన్సార్ చేశారు" అని గొడవ చేసినా లాభం లేదు, చేతిలో ఆధారం ఉండాలి. కాసేపు ఓపిక పడితే అసలు సంగతి చాలావరకు తేలుతుంది.

ముందు తప్పు మనదేమో చూసుకోండి. ఒకసారి నేను ఓ వార్తా సైట్‌ను ఆపేశారని నలుగురికి మెసేజ్‌లు కూడా పెట్టేశాను. తీరా చూస్తే నా పాత ల్యాప్‌టాప్‌లో తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయింది. తేదీ తప్పితే సైట్ భద్రతా సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజర్ మొరాయిస్తుంది. ఇంకో రెండు సైట్లు తెరిచి చూసుంటే అప్పుడే తెలిసేది.

తర్వాత తెర మీది సందేశాన్ని చదివి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. 404 అంటే ఆ పేజీ లేదు. 502, 503 లాంటివి సర్వర్ తిప్పలు. 451 వస్తే చట్టపరమైన కారణంతో ఆపామని చెబుతున్నట్టు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఈ కోడ్‌ను 2016లో ఖరారు చేసింది. అంత మర్యాదగా చెప్పి ఆపేవాళ్లు తక్కువే. మామూలుగా కనిపించేది "సైట్ దొరకలేదు" అనో, "కనెక్షన్ రీసెట్ అయింది" అనో.

ఇప్పుడు వైఫై ఆపి, వేరే కంపెనీ మొబైల్ డేటాతో చూడండి. అందులో వస్తే సైట్ బతికే ఉన్నట్టు. రెంటిలోనూ రాకపోతే ఒక చిట్కా ఉంది: వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా ఇచ్చి పేజీని భద్రపరచమనండి. అది తన నెట్‌వర్క్ నుంచి వెళ్లి పేజీని తెస్తుంది. తేగలిగితే సైట్ నడుస్తోందనడానికి తేదీ, సమయంతో సహా రుజువు దొరికినట్టే. తేలేకపోతే మాత్రం ఏమీ తేలదు, ఆర్కైవ్‌ను రానివ్వని సైట్లూ ఉన్నాయి.

అడ్డు ఎక్కడుందో తెలియాలంటే డీఎన్‌ఎస్ మార్చి చూడాలి. సైట్ పేరు ఇస్తే దాని నంబరు చెప్పే చిరునామా పుస్తకం లాంటిదది. మామూలుగా మనకు నెట్ ఇచ్చే కంపెనీ పుస్తకమే వాడతాం, అందులో తప్పు నంబరు రాసిపెట్టడం తేలిక. సెట్టింగ్స్‌లో దాని బదులు 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ వారిది) గానీ 8.8.8.8 (గూగుల్ వారిది) గానీ పెట్టగానే సైట్ వస్తే, తేడా ఆ పుస్తకంలోనే ఉంది. అయినా రాకపోతే అడ్డు ఇంకా లోపల ఉండొచ్చు. మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే ఎన్‌క్రిప్షన్ ఉన్నా, కనెక్షన్ మొదలయ్యే క్షణాన సైట్ పేరు చాలాసార్లు దారిలోని వాళ్లకు కనబడుతుంది. అది చూసి మధ్యలోనే తెంచేస్తారు. "రీసెట్" మళ్లీ మళ్లీ వస్తుంటే అనుమానించాల్సింది అందుకే.

ఇలాంటి పరీక్షలు కొన్నింటిని ఒకేసారి చేసే ఉచిత యాప్ ఊని ప్రోబ్. 2012 నుంచి నడుస్తున్న ప్రాజెక్ట్ ఇది. మీ నెట్‌ను వేరే చోటి మీదుగా మళ్లించే వీపీఎన్ ఏదైనా వాడుతుంటే ఆపేసి, మీకు కావాల్సిన సైట్ ఒక్కటే ఇచ్చి పరీక్షించండి. ఫలితాలు అందరికీ కనిపించేలా ప్రచురిస్తారు కాబట్టి, అదే నెట్‌వర్క్‌లో ఇంకెవరికి ఏం వచ్చిందో వాళ్ల ఊని ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో పోల్చుకోవచ్చు. ఒక్కరి ఫలితం కన్నా పదిమందివి కలిస్తేనే బలం. యాప్ "అసాధారణం" అన్నంత మాత్రాన అడ్డుకున్నట్టు కాదు. ఒక హెచ్చరిక: కొన్ని దేశాల్లో ఇలాంటి పరీక్షలే చిక్కులు తెస్తాయి. మీ పరిస్థితి చూసుకుని దిగండి.

చివరగా నెట్ కంపెనీకి రాతపూర్వకంగా రాయండి. సైట్ పూర్తి చిరునామా, తేదీ, సమయం, వచ్చిన సందేశం ఇచ్చి, "దీన్ని మీరు ఆపారా? ఆపితే ఎవరి ఆదేశం మీద?" అని అడగండి. సైట్ నడిపేవాళ్లకూ ఇవే వివరాలు పంపండి, తమను ఆపారని చాలాసార్లు వాళ్లకే తెలియదు. స్క్రీన్‌షాట్లు బయట పెట్టేముందు మీ ఫోన్ నంబరు, ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) చెరిపేయండి. వారం తర్వాత మళ్లీ పరీక్షించండి, చప్పుడు లేకుండా వచ్చిన అడ్డు చప్పుడు లేకుండా పోయి ఉండొచ్చు. ఆ తేదీ కూడా రాసిపెట్టుకోండి.