ట్రెజర్ హంట్‌తో జీవశాస్త్రం: ఆట బాగానే సాగినా పాఠం అందకపోతే

పదో తరగతికి ప్రత్యుత్పత్తి, అనువంశికత, పరిణామం చెప్పేటప్పుడు ట్రెజర్ హంట్ (చీటీల్లో రాసినదాన్ని పట్టి వెతికే ఆట) పెడితే పిల్లలు ఉత్సాహంగా పరిగెడతారు. పాఠం మాత్రం ఒక్కోసారి చీటీల దగ్గరే ఆగిపోతుంది. చాలాసార్లు లోపం చీటీలోనే ఉంటుంది. అందులో అడిగినదానికి వస్తువు మొహం చూడకుండానే జవాబు రాసేయొచ్చు.

సమస్య: పది నిమిషాల్లో ఆట ముగిసింది, మర్నాడు ఎవరికీ ఏమీ గుర్తులేదు

కారణం: "ఏకలింగ పుష్పానికి ఉదాహరణ కనుక్కోండి" అని చీటీ రాశారు. ఒకరు బొప్పాయి అంటారు, మిగతా జట్లూ అదే దించేస్తాయి.

పరిష్కారం: గుమ్మడి పాదు దగ్గరికి పంపి, "కాయ అయ్యే పువ్వేది? ఇప్పుడే ఎలా చెప్పగలరు?" అని అడగండి. ఆడపువ్వు రేకుల కింద గోలీ అంత బుల్లి గుమ్మడికాయ అప్పటికే ఉంటుంది. అదే అండాశయం. మగపువ్వు కింద ఉత్త కాడే. మగపువ్వు లోపల వేలు పెడితే పసుప్పచ్చగా పుప్పొడి అంటుతుంది. ఆడపువ్వులో జిగురుగా కీలాగ్రం (పుప్పొడిని పట్టుకునే కొన) తగులుతుంది. ఇది చూసిన పిల్లలు "అండాశయం ఫలంగా మారుతుంది" అన్న వాక్యాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

వేళ చూసుకోండి. గుమ్మడి తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, బీర సాయంత్రం పూస్తుంది. అందుకే మొదటి పీరియడ్‌కి గుమ్మడే నయం. పువ్వులు కోయనివ్వకండి. ఆడపువ్వులు ఎటూ తక్కువే, కోస్తే పాదు వేసినవాళ్ళు ఊరుకోరు.

సమస్య: దాచిన సంచులు దొరికాయి, పూసలు తీశారు, 3:1 మాత్రం రాలేదు

కారణం: ఎరుపు, తెలుపు పూసలు సమానంగా ఉన్న "తల్లి", "తండ్రి" సంచుల నుంచి ఒక్కో పూస చొప్పున నాలుగు జతలే తీయించారు. ఎరుపు బహిర్గతం కాబట్టి ఒక్క ఎరుపున్నా ఆ జత ఎరుపే, రెండూ తెలుపైతేనే తెలుపు; 3:1 అంటే ఆ ఎరుపు, తెలుపు జతల నిష్పత్తి. నాలుగు జతల్లో కచ్చితంగా 3:1 వచ్చే అవకాశం సుమారు 42 శాతమే. అంటే రాకపోవడమే ఎక్కువ. తప్పు చేశామనుకుని పిల్లలు లెక్క దిద్దేస్తారు, అది ఇంకా ప్రమాదం.

పరిష్కారం: తీసిన పూసను మళ్ళీ సంచిలో వేయించి, అన్ని జట్ల లెక్కలూ బోర్డు మీద కలపండి. 160 జతలైతే 120:40 దరిదాపులకు వస్తుంది. అప్పుడు అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ బఠాణీ అంకెలు చూపండి: గుండ్రటి గింజలు 5474, ముడతలవి 1850. ఆయనకీ సరిగ్గా మూడు రాలేదు, 2.96 వచ్చింది.

సమస్య: "మా అమ్మానాన్నలకు నాలుక మడత పడదు, నాకు పడుతుంది. ఎలా సార్?"

కారణం: నాలుక మడత ఒకే జన్యువు పని అనుకుని చీటీలో పెట్టడం. 1940లో జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ ఇది అనువంశికమని రాశారు. కానీ 1952లో మాట్‌లాక్ అనే పరిశోధకుడు సమరూప కవలలను (జన్యువులు ఒకటే ఉన్నవాళ్ళను) పరిశీలిస్తే కొన్ని జంటల్లో ఒకరికి మడత పడింది, మరొకరికి పడలేదు. చెవి తమ్మె వ్యవహారమూ అంత సూటిగా ఉండదు, అందులో చాలా జన్యువుల పాత్ర ఉంది.

పరిష్కారం: "తరగతిలో ఎన్ని రకాల తేడాలు కనిపించాయి?" అని వైవిధ్యం వరకే అడగండి. ఇంట్లోవాళ్ళతో పోల్చి రమ్మనకండి. దత్తత వచ్చిన బిడ్డో, నాన్న ఎవరో తెలియని బిడ్డో ఆ తరగతిలో ఉండొచ్చు.

సమస్య: అందరి జవాబు "మెడ చాచి చాచి జిరాఫీ మెడ పెరిగింది"

కారణం: "జిరాఫీ మెడ ఎందుకు పొడవు?" అన్న ప్రశ్నే, వాడుకతో వచ్చిన మార్పు పిల్లలకూ వస్తుందన్న లామార్క్ వాదం వైపు తోస్తుంది.

పరిష్కారం: పిల్లల్నే కాకుల్ని చేయండి. పచ్చగడ్డిలో ఆకుపచ్చ, ఎరుపు ఊలు ముక్కలు యాభై చొప్పున చల్లి, అర నిమిషంలో దొరికినన్ని ఏరమనండి. మిగిలిన ప్రతి ముక్కకూ అదే రంగుది ఇంకొకటి చేర్చి మళ్ళీ ఆడించండి. రెండు మూడు విడతల్లో గడ్డి నిండా ఆకుపచ్చవే ఎక్కువవుతాయి. అప్పుడు "ఏ ఒక్క ముక్కైనా రంగు మార్చుకుందా?" అని అడిగి ఊరుకోండి. వాదన వాళ్ళే మొదలుపెడతారు.

సమస్య: నిర్మాణసామ్యం (పుట్టుక ఒకటే), క్రియాసామ్యం (పని మాత్రమే ఒకటి) కలిపేస్తున్నారు

గబ్బిలం రెక్క బొమ్మ చాలదు. బంగాళదుంప, చిలగడదుంప దాచి, "కన్ను" దేనికుందో చూడమనండి. బంగాళదుంప కాండం, దాని మీద మొగ్గలుంటాయి, చిలగడదుంప వేరు. రెండూ పిండిపదార్థం దాచేవే, పుట్టుక వేరు. కాబట్టి క్రియాసామ్యం.

సమస్య: మానవ ప్రత్యుత్పత్తి చీటీ రాగానే ఒకటే నవ్వులు

దాన్ని వరండా గోడకు అంటించకండి, తరగతిలో బల్ల మీదే ఉంచండి. స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ మీద "ఫలదీకరణ ఎక్కడ?" అని బఠాణీ గింజ పెట్టమనండి. చాలామంది గర్భాశయంలో పెడతారు. జవాబు ఫాలోపియన్ నాళం. గింజ ఎక్కడ పెట్టాలన్న తగాదాలో నవ్వులు సద్దుమణుగుతాయి.

సమస్య: ఒక జట్టు వెనకే మిగతావి పరిగెడుతున్నాయి

ఒక్కో జట్టుకు ఒక్కో చోట మొదలుపెట్టించండి. చీటీల వరుస కూడా మార్చేయండి.