ప్రోటీన్ నమూనా మాస్ స్పెక్‌కి పంపడం, 5వ పాఠం: డయాలసిస్‌కి లొంగని డిటర్జెంట్

పోయిన పాఠంలో జెల్ నుంచి ప్రోటీన్ బ్యాండ్ కోసి, ట్యూబులో పెట్టి మాస్ స్పెక్‌కి (అణువుల బరువు తూచి ప్రోటీన్ ఏదో చెప్పే యంత్రానికి) పంపడం దాకా వచ్చాం. ఇవాళ డేటాబేస్ సెర్చ్ మొదలుపెట్టాలి. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మీరు చూపించిన రిపోర్టులు చదివాక దాన్ని వాయిదా వేస్తున్నాను. కొన్ని రిపోర్టుల్లో పైనుంచి కిందిదాకా కెరటిన్. మిగతావాటిలో ప్రోటీన్ పేరే లేదు, పాలిమర్ ఉంది, మళ్ళీ పంపండి అన్న ఒక్క లైను తప్ప.

కెరటిన్ సంగతి తొందరగా తేల్చేద్దాం. "పలాస జీడిపప్పు ప్రోటీన్ పంపితే మనిషి కెరటిన్ ఎలాగొచ్చిందేటి సార్?" అని ఒకరు అడిగారు. మీ చర్మం నుంచి, జుట్టు నుంచి, ఫ్యాను గాలికి లేచిన దుమ్ము నుంచి వచ్చింది. కెరటిన్ 1, 2, 9, 10 కలిసి కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, బ్యాండ్ కోసేటప్పుడు ఫ్యాను ఆపండి. మే నెలలో కష్టమే, అయినా ఆపండి. జీడిపప్పు వాళ్ళు రిపోర్టు పారేయక్కర్లేదు. అనా ఓ 1, అనా ఓ 2, అనా ఓ 3 లాంటి విత్తన ప్రోటీన్లు కెరటిన్ కింద ఉన్నాయేమో వెతకండి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మూత్రం నమూనాలతో పనిచేసేవాళ్ళకి చిక్కు ఎక్కువ. అక్కడ నమూనా మనిషిదే, దుమ్ములో కెరటిన్ కూడా మనిషిదే. ఏది రోగిదో, ఏది మీదో సాఫ్ట్‌వేర్ చెప్పలేదు.

ఇక పాలిమర్, అంటే ఒకే ముక్క మళ్ళీమళ్ళీ గొలుసుగా ఉన్న అణువు. ఇలా తిరిగొచ్చిన ప్రతి నమూనా వెనకా ట్రైటాన్ ఎక్స్-100 గానీ, ట్వీన్ గానీ, ఎన్‌పీ-40 గానీ, ఏదో ఒక డిటర్జెంట్ ఉంది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "డయాలసిస్ చేశాం సార్, పోయుంటుంది."

పోదు.

ట్రైటాన్ అణువు చిన్నదే, సుమారు 650 డాల్టన్లు. డయాలసిస్ అంటే నమూనాని సన్న రంధ్రాల పొర సంచిలో పోసి బఫర్‌లో ముంచడం కదా, 10 కిలోడాల్టన్ల పొరలోంచి అది బయటికి జారిపోతుందని మీ లెక్క. కానీ అది నీళ్ళలో ఒంటరిగా ఉండదు. చాలా తక్కువ గాఢతలోనే, 0.2 మిల్లీమోలార్ దాటగానే, గుంపు కట్టి మైసెల్ అవుతుంది. ఆ మైసెల్ సుమారు 90 కిలోడాల్టన్లు. మీ ప్రోటీన్ కన్నా అదే పెద్దది కావచ్చు. రాత్రంతా డయాలసిస్ చేసినా లోపలే కూర్చుంటుంది. బఫర్ నాలుగుసార్లు మార్చినా అంతే. పోనీ చివర్లో సీ18 జిప్‌టిప్‌తో (సీ18 అనే పదార్థం నింపిన పిపెట్ మొనతో) శుభ్రం చేద్దామంటే, సీ18 పెప్టైడ్లని, అంటే ప్రోటీన్ ముక్కలని, పట్టుకున్నట్టే దాన్నీ పట్టుకుంటుంది. రెండూ కలిసే దిగుతాయి.

దిగాక ఏమవుతుంది? ట్రైటాన్ తోకలో ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలుంటాయి, ఒక్కొక్కటి 44.026 డాల్టన్లు. ఒక అణువులో తొమ్మిది, ఇంకోదాంట్లో పదకొండు, అలా తేడాగా ఉంటాయి. అందుకే స్పెక్ట్రమ్‌లో 44కి ఒకటి చొప్పున పీకులు బారుగా నిలబడతాయి. వాటికి అయాన్ అవడం చాలా తేలిక. పెప్టైడ్ సిగ్నల్ వాటి కింద అణిగిపోతుంది.

నాకు కోపం వచ్చేది ఇందుకు కాదు. దేశంలోని పరిశోధన యంత్రాల వివరాలుండే ఐ-స్టెమ్ పోర్టల్‌లో చూసుకుని మనం నమూనాలు పంపే యంత్రాలు ఏ ఒక్కరివీ కావు. లోపలి కాలమ్ చాలాచోట్ల 75 మైక్రాన్ల వ్యాసం ఉన్న సన్నని గొట్టం. మీ ట్రైటాన్ దానికి అంటుకుని తర్వాతి రన్నుల్లోనూ కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. మీ వెనక క్యూలో ఉన్న, మీరు ఎన్నడూ చూడని విద్యార్థి డేటా పోతుంది. ఊరుమ్మడి మంచినీళ్ళ బావిలో బట్టలు ఉతికినట్టు. ఫారంలో బఫర్ వివరాలు అడిగేది ఇందుకే. అక్కడ "పీబీఎస్" అని బఫర్ పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. కిట్ వాడితే సీసా మీద సన్న అక్షరాలు చదవండి. నాన్ అయానిక్ డిటర్జెంట్ అని ఉంటే అది చాలావరకు ట్రైటాన్‌కి అన్నదమ్ములే. గాజు సామాన్లు గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగేవాళ్ళు, చేతికి క్రీము రాసుకునేవాళ్ళు కూడా ఈ బాపతే.

నా పద్ధతి: ట్రైటాన్ తప్పనిసరైతే నమూనాని ఎస్‌డీఎస్ జెల్‌లో ఒక్క సెంటీమీటరు నడిపి ఆపేస్తాను. కూమాసీతో రంగు వేసి, ఆ ముక్క మొత్తం కోసి బాగా కడిగి, జెల్‌లోనే ట్రిప్సిన్ (ప్రోటీన్‌ని పెప్టైడ్లుగా కోసే ఎంజైమ్) వేస్తాను. ట్రిప్సిన్ మెట్లు మీకు తెలిసినవే. సిల్వర్ స్టెయిన్ నాకు నచ్చదు, గ్లూటరాల్డిహైడ్ ఉన్నదైతే అసలు వద్దు. ఏ డిటర్జెంట్ వాడాలో మొదటినుంచీ మీ చేతిలోనే ఉంటే సోడియం డీఆక్సీకోలేట్ వాడండి. ఆమ్లం కలపగానే పాలు విరిగినట్టు విరిగి అడుక్కి దిగుతుంది, సెంట్రిఫ్యూజ్ చేస్తే సరి. చివరికి పెప్టైడ్లని ఆరబెట్టి పంపండి. డ్రై ఐస్ కోసం విశాఖ దాకా పరిగెత్తే టెన్షన్ ఉండదు, ఆమదాలవలసలో రైలెక్కి చేత్తోనే పట్టుకెళ్ళొచ్చు.

అభ్యాసం. ప్రోటీన్ లేని ఖాళీ లేన్ నుంచి జెల్ ముక్క కోసి, అసలు నమూనాకి చేసిన ప్రతి మెట్టూ దానికీ చెయ్యండి, రెండూ కలిపి పంపండి. ఖాళీ ముక్కలో వచ్చే కెరటిన్ బయటిదే కాబట్టి ఉద్దానం వాళ్ళకి ఇది తప్పనిసరి. రెండోది కాగితం మీద: ఒక రన్‌లో 503.30, 547.33, 591.35, 635.38 పీకులు (ఇవి m/z, అంటే బరువుని ఛార్జ్‌తో భాగించిన విలువలు), ఇంకోదాంట్లో 640.40, 662.41, 684.43, 706.44 వచ్చాయి. రెండూ ఒకే రకం మురికి. అలాంటప్పుడు రెండోదాంట్లో తేడా సగమే ఎందుకుంది? ఆ అయాన్ల మీద ఛార్జ్ ఎంత? జవాబు వచ్చే పాఠంలో. ఈలోగా యూరియా బఫర్ వాడేవాళ్ళు ట్యూబుని 37 డిగ్రీలు దాటి వేడి చెయ్యకండి, కారణం కూడా అప్పుడే చెబుతాను.