రేటింగ్ తక్కువున్న పిచర్ గెలిపిస్తున్నాడా? నమ్మాలో వద్దో ఇలా తేల్చుకోండి

ఆన్‌లైన్ బేస్‌బాల్ మేనేజర్ గేమ్ ఆడేవాళ్లకు ఇలాంటి పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) ఎప్పుడో ఒకప్పుడు తగులుతాడు. ఓవరాల్ రేటింగ్‌లో జట్టు మొత్తానికీ ఆఖరు, ఎవరో గాయపడ్డారని గతిలేక దింపుతాం, తీరా చూస్తే వాడే ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు, తక్కువుంటేనే మంచిది) మూడు లోపు పెట్టుకుని కూర్చుంటాడు. నెత్తిన పెట్టుకోవద్దు, లక్కులే అని తీసిపారేయనూ వద్దు.

ముందు ఈఆర్‌ఏని పక్కన పెట్టండి, అందులో ఫీల్డర్ల పనితనం, అదృష్టం కూడా కలిసిపోయి ఉంటాయి. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడ్డ బంతి హిట్ అవుతుందా ఔట్ అవుతుందా అన్నదానిలో పిచర్ చేతిలో ఉండేది చాలా తక్కువని 2001లో బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు వోరోస్ మెక్‌క్రాకెన్ వాదించాక అందరూ పిచర్లను చూసే తీరే మారింది. అలా వచ్చిందే ఫిప్, అంటే ఫీల్డర్ల ప్రమేయం లేకుండా పిచర్‌ని కొలిచే లెక్క, ఇదీ తక్కువుంటేనే మంచిది. హోమ్ రన్లను 13తో, వాక్‌లూ (నాలుగు చెడ్డ బంతులు పడి బ్యాటర్ ఊరికే బేస్‌కి వెళ్లడం) ఒంటికి బంతి తగిలి బేస్‌కి వెళ్లినవాళ్లూ కలిపి 3తో హెచ్చించి కూడతారు, అందులోంచి స్ట్రైకౌట్లకు (మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేసినవి) రెట్టింపు తీసేస్తారు, వేసిన ఇన్నింగ్స్ సంఖ్యతో భాగించి చివర్లో ఇంచుమించు 3.1 కలుపుతారు. మీ గేమ్ చూపించకపోతే కాగితం మీదే వేసుకోవచ్చు, రెండు నిమిషాల పని. ఈఆర్‌ఏ 2.80 ఉండి ఫిప్ 4.90 వచ్చిందంటే వాడు అప్పు మీద బతుకుతున్నట్టే. రెండూ దగ్గరగా ఉంటే మాత్రం వాడిలో విషయం ఉంది.

బాబిప్ కూడా ఒకసారి చూడండి, అంటే బ్యాట్‌కి తగిలి మైదానంలో పడ్డ బంతుల్లో హిట్ అయినవాటి వాటా. మామూలుగా .300 చుట్టూ తిరుగుతుంది, .230 దగ్గరుంటే పెరగడం ఖాయమనుకోండి. పది ఇన్నింగ్స్ చూసి మాత్రం ఏదీ తేల్చేయకండి.

అసలు మజా రేటింగ్‌ని విడదీసి చూడటంలో ఉంది. ఓవరాల్ అనేది గేమ్ తన లెక్కలో అన్నీ కలిపి ఇచ్చే ఒకే ఒక్క నంబర్, స్టామినా తక్కువైనా, వేగం లేకపోయినా అది పడిపోవచ్చు. కంట్రోల్ బాగుండి, హోమ్ రన్లు ఇవ్వకుండా, బంతిని నేలమీదే ఆడించగలిగితే వేగం లేకపోయినా నెట్టుకొస్తాడు. నిజం ఆటలో కైల్ హెండ్రిక్స్‌ని చూడండి, ఫాస్ట్‌బాల్ గంటకు 90 మైళ్లు దాటడమే కష్టంగా ఉండేది, అయినా 2016లో చికాగో కబ్స్ తరఫున 2.13తో మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) మొత్తంలోనే ఈఆర్‌ఏలో మొదటివాడు. అయితే ఆ ఏడాది కబ్స్ ఫీల్డింగ్ కూడా అద్భుతం, ఆ సంగతి మర్చిపోతే మళ్లీ రేటింగ్ లాంటి మోసమే.

కాబట్టి గ్రౌండర్లు (నేలమీద దొర్లే బంతులు) ఆడించే పిచర్ దొరికితే షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ అనే ఫీల్డింగ్ స్థానాల్లో బ్యాటింగ్ కాస్త తగ్గినా సరే మంచి ఫీల్డర్లను పెట్టండి. బంతిని గాల్లోకి లేపించే రకమైతే పెద్ద మైదానాల్లో వాడండి, డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ లాంటి చోట మాత్రం దింపొద్దు. అది సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి పల్చని గాలిలో బంతి ఇంకా దూరం పోతుంది. స్టామినా తక్కువుంటే బ్యాటర్లు మూడోసారి ఎదురయ్యేలోపే మార్చేయండి, లేదా నేరుగా రిలీవర్‌ని (ఆట మధ్యలో వచ్చి కాసేపే వేసే పిచర్) చేసేయండి. ఎడమచేతి బ్యాటర్ల మీద మాత్రమే పనికొచ్చేవాడైతే ఇంకో చిక్కుంది. 2020 నుంచి మేజర్ లీగ్‌లో రిలీవర్ ముగ్గురు బ్యాటర్లకైనా వేయాలి, లేదంటే ఆ ఇన్నింగ్స్ ముగించాలి, మీ గేమ్‌లోనూ అదే రూల్ ఉందేమో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

ఇక అమ్మాలా, ఉంచుకోవాలా? లీగ్‌లో మనుషులే మేనేజర్లయితే ఈఆర్‌ఏ చూసి ఎగబడేవాళ్లు కొందరుంటారు, ఫిప్ బాలేనివాణ్ని వాళ్లకే అంటగట్టండి. కంప్యూటర్ మేనేజర్లు రేటింగ్‌కే విలువ కట్టే గేమ్ అయితే అమ్మినా పెద్దగా ఏమీ రాదు. అప్పుడు చేయాల్సింది కొనడం. ఫ్రీ ఏజెంట్ల (ఏ జట్టుతోనూ కాంట్రాక్ట్ లేనివాళ్ల) లిస్ట్‌ని ఓవరాల్ మీద కాకుండా వాక్‌లు తక్కువ, స్ట్రైకౌట్లు ఎక్కువ అన్న లెక్కన సార్ట్ చేసి, అడుగున పడున్నవాళ్లలో ఒకరిద్దరికి ఏడాది కాంట్రాక్ట్ మాత్రమే ఇవ్వండి.