ఎంకిడు కథను లెక్క రాసుకుంటూ చదవండి

మాడుగుల దగ్గర పల్లెలో గేదెలు కాసుకునే నన్ను పదో ఏట విశాఖపట్నం తెచ్చి హాస్టల్లో వేశారు. మొదటి రోజే జుట్టు కురచగా కత్తిరించేశారు. దసరాకి ఇంటికెళ్తే మా గేదె నా చెయ్యి వాసన చూసి పక్కకి జరిగిపోయింది. సబ్బు వాసన వల్లేమో. ఆ ఏడుపు నలభై ఏళ్ల తర్వాత గిల్గమేష్ కావ్యం, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో మట్టి పలకల మీద రాసిన ప్రాచీన కథ, చదువుతుంటే మళ్లీ వచ్చింది. అందులో ఎంకిడు అడవిలో పెరిగి ఊళ్లోకొచ్చిన మనిషి. ఇప్పుడు ఆదివారాలు మువ్వలవానిపాలెంలో మా ఇంట్లో కాలేజీ పిల్లలతో కలిసి దాన్ని చదువుతున్నాను.

మీరూ చదవాలనుకుంటే ముందు ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ‘పోయింది’, కుడివైపు ‘వచ్చింది’ అని రాయండి. మొత్తం 12 మట్టి పలకలు. ఈ లెక్కకి 1, 2, 5, 7, 8 చాలు.

మొదటి పలకలో అరూరు దేవత మట్టి తుంచి అడవిలోకి విసిరి ఎంకిడుని పుట్టిస్తుంది. ఒళ్లంతా జుట్టు. జింకలతో గడ్డి మేస్తాడు, వాటితో పాటే తోసుకుంటూ నీళ్లు తాగుతాడు. వేటగాడు తవ్విన గుంతలు పూడ్చేస్తాడు, ఉచ్చులు పీకేస్తాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వేటగాడి మొర విని గిల్గమేష్ రాజు షమ్హత్ అనే వేశ్యను పంపుతాడు.

ఆరు పగళ్లు, ఏడు రాత్రులు ఆమెతో గడిపి వెళ్తే జింకలు ఎంకిడుని చూసి పారిపోతాయి. వెంట పరుగెత్తబోతే మోకాళ్లు కదలవు. ఇక్కడ బాగా నెమ్మదిగా చదవండి. ఎడమవైపు మంద, పరుగు రాయండి. అక్కడే, ఆ వెంటనే, అతనికి తెలివి వచ్చిందంటుంది కావ్యం. అది కుడివైపు. ఒకటి రాసి రెండోది వదిలేస్తే కథ చెడిపోతుంది.

రెండో పలకలో రొట్టె ముందు పెడితే ఏం చేయాలో తెలియక చూస్తాడు. ఏడు కుండల బీరు తాగి పాడతాడు. మంగలి ఒంటి జుట్టు తీస్తాడు. నూనె రాసుకుని, బట్ట కట్టి మనిషవుతాడు. కాపరులు నిద్రపోతే ఆయుధం పట్టి తోడేళ్లను కొడతాడు. పని దొరికింది కదా అని మా పిల్లలు కుడివైపు రాస్తారు. నేను ఒప్పుకోను. మొన్నటిదాకా ఉచ్చులు పీకినవాడు మరి!

ఐదో పలకకి మాత్రం 2014 తర్వాత వచ్చిన అనువాదం తీసుకోండి. ఆ ఏడాది ప్రచురించిన పలక ముక్కలో దేవదారు అడవిలో పక్షుల కూతలు, కోతుల అరుపులు వినిపిస్తాయి. అప్పటికి స్నేహితులైన గిల్గమేష్, ఎంకిడు ఆ అడవికి కాపలా ఉన్న హుంబాబాను చంపి చెట్లు నరికాక, అడవిని బీడు చేశామని ఎంకిడే అంటాడు.

ఏడో పలకలో చావుకి దగ్గరపడి వేటగాణ్ణీ, షమ్హత్‌నీ శపిస్తాడు. నీకు రొట్టె పెట్టి, బట్ట కట్టి, గిల్గమేష్ లాంటి స్నేహితుణ్ణి ఇచ్చిన మనిషిని ఎందుకు తిడతావని సూర్యదేవుడు షమష్ మందలిస్తే, చల్లబడి ఆమెను దీవిస్తాడు. ఆ శాపం, దీవెన రెండూ కాగితం మీద ఉండాలి. దేన్నీ కొట్టేయకండి.

ఎనిమిదో పలకలో గిల్గమేష్ చనిపోయిన ఎంకిడు కోసం ఏడుస్తూ, నీ తల్లి జింక, నీ తండ్రి అడవి గాడిద అంటాడు. మిగతాదంతా పిల్లలు వంతులవారీగా చదువుతారు. ఈ ముక్క మాత్రం నేనే చదువుతాను.