రిపోర్ట్‌లో కేసీఎన్‌ఈ1 జీన్ పేరు వస్తే ఏం చూడాలి

జెనెటిక్ టెస్ట్ రిపోర్ట్‌లో ఈ పేరు (గుండె లయ తప్పే లాంగ్ క్యూటీ అనే జబ్బుతో ముడిపడ్డ జీన్ ఇది) కనబడగానే చాలామంది గూగుల్ చేసేసి "సడన్ డెత్" అన్న మాట దగ్గరే ఆగిపోయి రాత్రంతా నిద్రపోరు, అందుకే రాస్తున్నా.

ఈ జీన్ 21వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, దీని ప్రొటీన్ చాలా చిన్నది, 129 అమైనో యాసిడ్లే. గుండె కణాల్లోంచి పొటాషియంని బయటికి పంపే దారి, అంటే ఛానెల్, ఇది కాదు, ఆ దారి కేసీఎన్‌క్యూ1 అనే ఇంకో ప్రొటీన్, ఇది దానికి అతుక్కుని అది ఎంత నిదానంగా తెరుచుకోవాలో, ఎంత కరెంట్ పోవాలో చూస్తుంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధమవ్వడానికి ఈ రెండూ కావాలి, పరిగెత్తేటప్పుడైతే మరీను.

ముందు వేరియంట్ లైన్, అంటే జీన్‌లో ఏ మార్పు ఉందో రాసిన లైన్ చూడండి. "సి.253జీ>ఏ" అని ఉంటే 253వ చోట జీ పోయి ఏ వచ్చిందని, దాంతో ప్రొటీన్‌లో 85వ అమైనో యాసిడ్ మారిందని. దీన్నే డీ85ఎన్ అంటారు, ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా ఇది బాగానే కనిపిస్తుంది. కానీ కొన్ని మందులు వేసుకుంటే గుండె లయ తప్పే రిస్క్ పెంచుతుంది. పక్కనే వీయూఎస్ అని ఉంటే ఇంకా ఏదీ తేలలేదని, జబ్బు ఉన్నట్టు కాదు.

తర్వాత ఈసీజీ తీయించండి, అందులో క్యూటీసీ చూడాలి, క్యూటీ అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ సిద్ధమవ్వడానికి పట్టే టైమ్, దాన్ని గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిందే క్యూటీసీ. మగవాళ్ళకి 450, ఆడవాళ్ళకి 460 మిల్లీసెకన్లు దాటితే ఎక్కువే, 500 దాటితే అస్సలు ఆలస్యం చేయొద్దు. మిషన్ వేసిన నంబర్ తప్పొచ్చు, కార్డియాలజిస్ట్‌ని చేత్తో కొలవమని అడగండి.

మందుల విషయం మాత్రం చాలా ముఖ్యం. జ్వరానికి అజిత్రోమైసిన్, వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్ లేదా డోంపెరిడోన్ అని మెడికల్ షాపులో మనమే అడిగి తెచ్చుకుంటాం కదా, ఇవన్నీ క్యూటీని సాగదీసేవే. వాంతులు విరేచనాలతో పొటాషియం పడిపోయి ఉన్నప్పుడు ఇవే వేసుకుంటే ఇంకా ప్రమాదం. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా రిపోర్ట్ చూపించాకే మందు రాయించుకోండి.

ఇక మేనరికాలు ఉన్న కుటుంబాలు ఇది తప్పకుండా చదవాలి. రిపోర్ట్‌లో హోమోజైగస్ అని ఉండి అది జబ్బు తెచ్చే మార్పే అయితే, అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి రెండు కాపీలూ చెడినట్టు. లోపలి చెవిలో పొటాషియం నింపేది కూడా ఈ ఛానెలే కాబట్టి అలాంటి పిల్లలు పుట్టు చెవుడుతో పుడతారు, గుండె ప్రాబ్లం మాత్రం బయటికి కనబడదు, స్పృహ తప్పితే మూర్ఛ అనుకుంటారు. పుట్టుకతో వినబడని పాపకి కాక్లియర్ ఇంప్లాంట్ (వినబడడానికి లోపలి చెవిలో పెట్టే పరికరం) సర్జరీ అనుకుంటుంటే మత్తు ఇచ్చేలోపే ఈసీజీ తీయించండి, క్యూటీసీ ఎక్కువుంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి, అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ కూడా తీయించండి.